గిగాహెర్ట్జ్ పందెం

2000 మార్చి 6న చిప్పుల తయారీ సంస్థ ఏఎండీ ఒక గిగాహెర్ట్జ్ ఆథ్లాన్ చిప్పును ప్రకటించింది. అంటే దాని గడియారం సెకనుకు వంద కోట్లసార్లు కొట్టుకుంటుందన్నమాట. రెండు రోజులు తిరక్కుండానే దాని పోటీ సంస్థ ఇంటెల్ అదే వేగంతో పెంటియం త్రీని దింపింది.

అక్కడి నుంచి ఇంటెల్‌కు అంకెల మోజు పట్టుకుంది. పెంటియం ఫోర్‌లో పనిని చిన్నచిన్న అంచెలుగా విడగొట్టింది. 2004 నాటి దాని కొత్త రూపం ప్రెస్కాట్‌లో ఆ అంచెలు 31. మేడ కట్టేచోట కూలీలు వరసగా నిలబడి ఇటుకలు అందించుకుంటారు చూడండి, అలాగే. వరసలో మనుషులు పెరిగితే ఒక్కో చెయ్యీ చకచకా ఆడుతుంది. కానీ చివరనున్న మేస్త్రీ "ఈ గోడ కాదు, ఆ గోడ" అన్నాడో, చేతుల్లో ఉన్న ఇటుకలన్నీ దండగే! ప్రోగ్రాము ఎటు మళ్లుతుందో ఊహ తప్పితే చిప్పుకీ అదే గతి. పైగా ఒకటే వేడి. గిగాహెర్ట్జ్‌లు తక్కువైనా ఏఎండీ ఆథ్లాన్ 64 వీడియో గేముల్లో దాన్ని చాలాసార్లు వెనక్కి నెట్టింది.

2004 మేలో, రావాల్సిన తేజస్ చిప్పును ఇంటెల్ రద్దు చేసుకుంది. పేరులోనే తేజస్సు, పాపం! అక్టోబరులో నాలుగు గిగాహెర్ట్జ్ పెంటియం ఫోర్ కూడా అటకెక్కింది. ఆ నెలలోనే సంస్థ అధిపతి క్రెయిగ్ బారెట్ ఓ సభలో, సరదాకే అనుకోండి, మోకాళ్ల మీద కూర్చుని క్షమాపణ కోరారు.

2006లో ఇంటెల్ నుంచి కోర్ టూ డుయో వచ్చింది. గడియారం నిదానం, పని జోరు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ల్యాప్‌టాప్‌ల కోసం మలిచిన చిప్పుల వంశమది.