బండి గలగలను వినండి
(మంచిర్యాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో కొందరు శ్రీరాంపూర్ బాయిలకు డ్యూటీకి తిరిగింది 1985లో వచ్చిన హీరోహోండా సీడీ 100 మీదనే. ఆ ఇంజను ఎడమవైపు గలగలమంటే క్యామ్ చైను వదులైందేమో చూడాలి. అశ్రద్ధ చేస్తే చైను పళ్లు దాటి వాల్వులు దెబ్బతింటాయి, పింఛను డబ్బు ఇంజనుకే పోతుంది.

ఆయిలు మార్చే రోజే ఈ పని పెట్టుకోండి. ఇంజను చల్లారాక ఆయిలు తీసి, అడుగున ఉన్న టెన్షనర్ బోల్టును పానాతో విప్పితే స్ప్రింగు, కడ్డీ దిగుతాయి. కడ్డీ కొన రబ్బరు అరిగినా, స్ప్రింగు కుంగినా కొత్తవి వేయండి. వాషరు కూడా మార్చండి. బోల్టు అతిగా బిగిస్తే మరలు పోతాయి. కొత్త ఆయిలు పోశాక కూడా చప్పుడు ఆగకుంటే చైనో, రోలరో అరిగినట్టే. అది మెకానిక్కుకు వదలండి.

బాయిలో పైకప్పును తట్టి, చప్పుడును బట్టి ప్రమాదం పసిగట్టినవాళ్లం. బండి చప్పుడు మనకొక లెక్కా?