విమానాశ్రయంలో సోదా – మన స్వేచ్ఛ
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉమ్రాకు పోయే పెద్దలు, గల్ఫ్‌కు పోయే కుర్రాళ్ళు, అమెరికాలో చదివే పిల్లలు... విమానం ఎక్కనివారున్న ఇల్లు మనలో ఇప్పుడు తక్కువే. వాళ్ళు దిగి ఫోన్ చేయగానే మనం అడిగే మొదటి మాట, "సోదాలో ఇబ్బంది పెట్టలేదు కదా?" అని.

సోదా వద్దని మనం అనం. 1985 జూన్ 23న 'కనిష్క' విమానం పేలి 329 మంది పోయారు. బాంబున్న పెట్టె విమానంలోకి ఎక్కింది, దాని తాలూకు మనిషి మాత్రం ఎక్కలేదు. ఆ ఒక్కటీ సరిచూసి ఉంటే! మన బిడ్డలు ఎక్కేవీ విమానాలే కదా.

అలాగని పెట్టిన ప్రతి ఆంక్షా ప్రాణాలు కాపాడుతుందనీ చెప్పలేం. 2006 ఆగస్టులో ద్రవాలతో విమానాలు పేల్చే కుట్రను లండన్‌లో పట్టుకున్నది నిఘా వేసిన పోలీసులు, క్యూలో సీసాలు వెతికినవారు కారు. అమెరికాలో ఏళ్ళ తరబడి అందరిచేతా బూట్లు విప్పించి, 2025 జూలైలో చాలించారు. అక్కడే 2015లో రహస్యంగా పరీక్షించుకుంటే 70 సార్లలో 67 సార్లు నకిలీ బాంబులూ ఆయుధాలూ దాటిపోయాయని పత్రికల్లో వచ్చింది.

బూట్లు విప్పడం పెద్ద కష్టమేమీ కాదు లెండి. 2009లో ఢిల్లీలో ఒక విదేశీ విమాన సంస్థ సోదా చేస్తే మాజీ రాష్ట్రపతి కలాం గారే మారుమాట లేకుండా నిలబడ్డారు. అందరికీ ఒకటే సోదా అయితే మనమూ నిలబడతాం.

మనిషిని పట్టుకుని వదలకపోవడం వేరు. 2007 జూలై 2న డాక్టర్ మహమ్మద్ హనీఫ్ పురిటిబిడ్డను చూసుకుందామని బెంగుళూరుకు బయలుదేరి బ్రిస్బేన్ విమానాశ్రయానికి వచ్చాడు. అక్కడే అరెస్టు చేశారు. గ్లాస్గో దాడి కేసులో ఉన్నవారు ఆయన బంధువులు, తన పాత సిమ్ కార్డు వాళ్ళకిచ్చి వచ్చాడు. ఆ సంగతి అడగవలసిందే, తప్పులేదు. కానీ అభియోగం లేకుండా 12 రోజులు ఉంచారు! చివరికి జూలై 27న కేసు ఎత్తేశారు. 2010లో ఆస్ట్రేలియా ప్రభుత్వం నష్టపరిహారమూ ఇచ్చింది. ఆ పురిటి రోజులు ఎవరిస్తారు?

మన పిల్లల్లో ఎవరినైనా అకారణంగా ఆపితే కౌంటర్ దగ్గర గొడవ పడవద్దు. తేదీ, టైము, ఫ్లైట్ నెంబరు రాసుకుని సంఘం ఆఫీసుకు తెండి. అర్జీ మేము రాస్తాం, జవాబు వచ్చేదాకా మేమే తిరుగుతాం.