కర్బన సంశ్లేషణలో ఇనుము

భూమి పైపొరలో బరువు లెక్కన సుమారు 5 శాతం ఇనుమే. పల్లాడియమైతే వంద కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లకు మించదు. అయినా ఒక కార్బన్ పరమాణువును మరో కార్బన్‌తో కలపవలసి వస్తే గత అర్ధశతాబ్దంలో ప్రయోగశాలలు ఎక్కువగా పల్లాడియాన్నే నమ్ముకున్నాయి. 2010లో హెక్, నెగిషి, సుజుకిలకు నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఆ లోహంతో సాధించిన సంధాన చర్యలకే. చవక కనుక దాని స్థానంలో ఇనుము వాడాలని తరచూ వినిపించే మాట సగం నిజం. పల్లాడియం తడబడే కొన్ని చోట్ల ఇనుము నెగ్గుకొస్తుంది. అందుకు కారణం దాని ఎలక్ట్రాన్ల తీరులోనే ఉంది.

ఉత్ప్రేరకంగా ఇనుము కొత్తదేమీ కాదు. బెంజీన్‌లో బ్రోమిన్ కలిపితే ఆ ఎర్రగోధుమ రంగు అలాగే నిలిచి ఉంటుంది. కాస్త ఇనుప రజను వేస్తే రంగు తగ్గుతూ హైడ్రోజన్ బ్రోమైడ్ పొగలు లేస్తాయి. అక్కడికక్కడే తయారైన ఫెర్రిక్ బ్రోమైడ్ లూయీ ఆమ్లంగా బ్రోమిన్ నుంచి ఎలక్ట్రాన్ జంటను తనవైపు లాక్కుంటుంది. 1894లో ఫెంటన్ ప్రచురించిన చర్య దారి వేరు. ఫెర్రస్ లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసి టార్టారిక్ ఆమ్లాన్ని ఆక్సీకరించాయి. ఇనుము ఒక్క ఎలక్ట్రాన్‌ను ఇచ్చి హైడ్రాక్సిల్ ప్రాతిపదికను పుట్టిస్తుందన్న వివరణ తర్వాతి తరానిది. ఈ ఒంటి ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోలే ఇనుముకు అసలు బలం.

కార్బన్–కార్బన్ సంధానంలోనూ ఇనుము ముందే రంగంలోకి దిగింది. 1971లో కోచి, తమురా ఫెర్రిక్ క్లోరైడ్ సాయంతో వైనిల్ బ్రోమైడ్లను గ్రిగ్నార్డ్ కారకాలతో కలిపారు. నికెల్‌తో కుమాడా, కొరియు చేసిన ప్రసిద్ధ చర్యలు మరుసటి ఏడాదివి. అయితే కోచి పద్ధతి పరిధి చిన్నది కావడంతో చాలాకాలం మరుగున పడింది. 1998లో కాహియెజ్ ఎన్-మిథైల్‌పైరోలిడోన్‌ను సహద్రావణిగా చేర్చి దిగుబడి పెంచాడు.

2002లో జర్మనీలోని ముల్‌హైమ్‌లో ఫ్యుర్స్ట్‌నర్ బృందం చూపిన చర్యను కాస్త దగ్గరగా చూడడం అవసరం. మిథైల్ 4-క్లోరోబెంజోయేట్ తీసుకుని, అందులో మోల్ లెక్కన 5 శాతం ఐరన్ ఎసిటైల్‌ఎసిటోనేట్ వేసి, టెట్రాహైడ్రోఫ్యూరాన్, ఎన్-మిథైల్‌పైరోలిడోన్‌లలో కరిగిస్తారు. ఆల్కైల్ గ్రిగ్నార్డ్ కారకం పోయగానే ఎర్రటి ద్రావణం నల్లబడుతుంది. నిమిషాల్లో చర్య ముగుస్తుంది. ఎస్టర్ కనబడితే వదలని గ్రిగ్నార్డ్ కారకం ఇక్కడ దాని జోలికే పోదు. క్లోరిన్ ఉన్న చోటే కొత్త బంధం ఏర్పడుతుంది. బ్రోమైడ్, అయొడైడ్ కంటే చవకైన క్లోరైడే మంచి దిగుబడి ఇస్తుంది. పల్లాడియంతో అలవాటైన క్రమానికి ఇది పూర్తిగా తలకిందులు. 2004లో జపాన్‌లో నకమురా బృందం ద్వితీయ ఆల్కైల్ హాలైడ్లను కూడా ఇనుముతో దారికి తెచ్చింది.

ఇంత వేగంగా జరిగే చర్యలో ఇనుము ఏ రూపంలో ఉందో తేల్చడం మాత్రం కష్టమైంది. ఒంటరి ఎలక్ట్రాన్ల అయస్కాంత ప్రభావం వల్ల ఎన్‌ఎంఆర్ రేఖలు వెడల్పై చెదిరిపోతాయి. ఇనుము-57 కేంద్రకాన్ని పట్టిచూసే మాస్‌బవర్ వర్ణపటశాస్త్రం ఇక్కడ అక్కరకొచ్చింది. కోచి నాటి ద్రావణంలో ఎనిమిది ఇనుప పరమాణువుల గుచ్ఛం ఉందని 2016లో నీడిగ్ బృందం గుర్తించింది. ఎన్-మిథైల్‌పైరోలిడోన్ ఇనుమును కాక గ్రిగ్నార్డ్ కారకంలోని మెగ్నీషియాన్ని పట్టుకుంటుందని కూడా ఆ బృందమే తర్వాత తేల్చింది.

ఆక్సీకరణంలో ఇనుముకు జీవకణమే గురువు. కాలేయంలోని సైటోక్రోమ్ పి450 హీమ్ ఇనుముతో మొండి కార్బన్–హైడ్రోజన్ బంధాల్లోకి ఆక్సిజన్‌ను చొప్పిస్తుంది. 1979లో గ్రోవ్స్ ఐరన్ పోర్ఫిరిన్‌తో ఆ పనిని గాజుకుప్పెలో చేసి చూపాడు. 2007లో చెన్, వైట్ హీమ్ లేని ఇనుప సంకీర్ణం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లతో ఎంచుకున్న బంధం వద్దే హైడ్రాక్సిల్‌ను చేర్చగలిగారు.

మందుల తయారీలో ఈ లోహానికి మరో అనుకూలత ఉంది. నోటి ద్వారా తీసుకునే మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించరాదని అంతర్జాతీయ మార్గదర్శకాల పరిమితి. ఇనుముకు విషగుణం తక్కువ కనుక అలాంటి పరిమితి పెట్టలేదు. బల్క్‌డ్రగ్ పరిశ్రమకు పేరుపడ్డ హైదరాబాద్‌కు ఇది నేరుగా సంబంధించిన సంగతి.

ఇనుము పేరిట వచ్చిన ఫలితాలన్నీ ఇనుమువి కావు. నైట్రోజన్‌కు ఆరైల్ సమూహాన్ని కలిపే చర్యను ఫెర్రిక్ క్లోరైడ్ నడుపుతుందని ప్రకటించిన బోల్మ్, 2009లో బుక్‌వాల్డ్‌తో కలిసి దాన్ని తిరిగి పరిశీలించాడు. 98 శాతం స్వచ్ఛత గల లవణంతో సాగిన చర్య 99.99 శాతం స్వచ్ఛమైన దానితో దాదాపు ఆగిపోయింది. పది లక్షల్లో కొన్ని పాళ్ల రాగి చేర్చగానే మళ్లీ సాగింది. సొంత ఫలితాన్నే ఇలా నిగ్గుతేల్చడం శాస్త్రానికి గొప్ప సేవ. ఇనుమే ఉత్ప్రేరకమని చెప్పే ప్రతి పత్రంలోనూ లవణం స్వచ్ఛత, అందులోని రాగి, నికెల్, పల్లాడియం జాడల కొలత, వాటిని విడిగా చేర్చి చూసిన ప్రయోగాల ఫలితాలు తప్పక ఉండాలి. యువ పరిశోధకులకు విజ్ఞప్తి ఇదే.