వీరేశలింగముగారి యిల్లు – మన యిండ్లు
(కవితాళలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి వర్తకములో దిగినవాడను. అయినను వ్యాపారపు పనిమీద రాజమహేంద్రవరము వెళ్లినప్పుడు నేను చూచిన యొక యింటినిగూర్చి మీకు నాలుగు మాటలు విన్నవింపవలెనని నిలుచున్నాను.

అది కోట గాదు, రాజభవనమును గాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు కాపురమున్న యిల్లు. నేడది ఆంధ్రప్రదేశ్ పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది. రక్షిత కట్టడమును ఇష్టమువచ్చినట్లు కూల్చుటకుగాని మార్చుటకుగాని చట్టము ఒప్పదు. ఒక గృహస్థుని యింటికి ఇంతటి మన్నన యేల కలిగినది?

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని గోల్పోయి పెదతండ్రిగారి పోషణలో పెరిగిరి. ఉపాధ్యాయవృత్తి చేయుచు 1874లో 'వివేకవర్ధని' పత్రికను, ధవళేశ్వరమున బాలికలకొక పాఠశాలను స్థాపించిరి. ఇవి యన్నియు మనవారు పుస్తకములలో చదివినవే. కాని ఆ యింటికి చరిత్రలో స్థానము కల్పించిన దినము 1881 డిసెంబరు 11. ఆనాడు ఆ గృహముననే గోగులపాటి శ్రీరాములుగారికిని, బాలవితంతువైన గౌరమ్మగారికిని వివాహము జరిగినది.

ఇచ్చట మనము గమనింపవలసిన విషయమొకటి కలదు. వితంతు పునర్వివాహమును అనుమతించు చట్టము 1856లోనే వచ్చియుండెను. ఇరువదియైదు సంవత్సరములు తెలుగు సీమలో ఆ చట్టము చాలవరకు కాగితముమీదనే యున్నది. పెండ్లికి సిద్ధపడినవారికి పందిరి వేయుటకు ఎవరో యొకరు తమ వాకిలి చూపవలెను గదా! పంతులుగారు తమ వాకిలి చూపిరి. అందుకు ఫలము బహిష్కారము. వంటవారు మానిరి, నీళ్లు తెచ్చువారు మానిరి. అప్పుడు వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి పోయి నీళ్లు మోసికొనివచ్చి, వచ్చినవారందరికి వండి వడ్డించిరి. ఆ యిల్లాలి భుజబలము లేనిచో ఆ సంస్కరణము నాలుగు నాళ్లు నిలిచెడిది కాదని నా నమ్మకము.

వర్తక సోదరులకు మరియొక మాట. ఈ కార్యమునకు ధనసహాయము చేసిన పైడా రామకృష్ణయ్యగారు కాకినాడ వర్తకులు. పంతులుగారి ధైర్యమునకు రాజ్యలక్ష్మమ్మగారి శ్రమయు, ఒక వర్తకుని సొమ్మును తోడుపడినవి. చివరకు పంతులుగారు తమ ఆస్తిని హితకారిణీ సమాజమునకు ధారపోసి, 1919 మే 27న చెన్నపట్టణమున కీర్తిశేషులైరి. వారు 'స్వీయచరిత్రము' వ్రాసి పెట్టిరి గనుక వారి కాలపు సంగతులు ఈనాటికిని మనకు తెలియుచున్నవి.

ఇక మన సంగతి. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియైన పిమ్మట, ఎడమ కాలువ నీటిని నమ్ముకొని గోదావరి, కృష్ణా, గుంటూరు సీమలనుండి అనేక కుటుంబములు ఈ రాయచూరు జిల్లాకు తరలివచ్చినవి. మా తాతగారును అట్లే వచ్చిరి. మొదట తాటాకు పాక, తరువాత పెంకుటిల్లు. ఆ యింటి అరుగుమీదనే కొన్నేండ్లు పిల్లలకు తెలుగు అక్షరములు దిద్దించిరి. కొత్తగా వచ్చిన కుటుంబములు సొంత గూడు ఏర్పడువరకు మా చావడిలోనే తలదాచుకొనెడివి. పదేండ్ల క్రిందట సరుకు నిలువచేయుటకు గోదాము కావలసి, ఆ యిల్లు నేనే పడగొట్టించితిని. ఒక్క ఫోటోయైనను తీయించలేదు. దూలములు అమ్మితిని, వెల యెంతవచ్చినదో నా చిట్టాలో వ్రాసియున్నది. ఆ యింట అక్షరములు దిద్దిన పిల్లల పేర్లు మాత్రము ఎచ్చటను లేవు. రాజమహేంద్రవరములో ఆ గడపయొద్ద నిలుచున్నప్పుడు ఈ సంగతి జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడితిని.

పురాతన కట్టడముల రక్షణకై ఆంధ్రప్రదేశ్‌లో 1960లో, మన కర్ణాటకమున 1961లో చట్టములు వచ్చినవి. మన పెంకుటిండ్లు ఆ జాబితాలకు ఎక్కవు. ఎక్కవలెనని నేను కోరుటయు లేదు. అన్నదమ్ములు పంచుకొనక తప్పదు, పిల్లలకు డాబాలు కట్టక తప్పదు. కాని ఇల్లు పడగొట్టుటకు ముందు రెండు పనులు చేయుడని చేతులు జోడించి వేడుచున్నాను. ఒకటి, ఇంటికి లోపల బయట ఫోటోలు తీయించుడు. రెండు, ఎవరు కట్టిరి, ఏ యేట కట్టిరి, ఆ యింట ఎవరికి ఆశ్రయము దొరికినది, ఇరుగుపొరుగు కన్నడ సోదరులు ఏమి సాయము చేసిరి అను సంగతులను పెద్దలనడిగి వ్రాసి సంఘమునకు ఇండు. మన పత్రికలో వారమున కొక యింటి చరిత్రము ప్రకటింతము. మొదటిదిగా, లేని మా యింటి చరిత్రము నేనే వ్రాసి తెచ్చెదను.

ఆ వివరములు చెప్పగల ముసలివారు మనలో ఇక కొలదిమందియే మిగిలియున్నారు. ఆలస్యము చేయకుడని మనవి చేసి సెలవు తీసికొనుచున్నాను.