ఒక ఇంజిన్ ఎక్కువ తాగుతోందా?

మీ బోటుకు రెండు డీజిల్ ఇంజిన్లు. దేని ట్యాంకు దానిదే. ఒకే వేగంతో వెళ్లి వచ్చారు. తీరా చూస్తే ఒక ట్యాంకు సగం ఉంది, రెండోది అడుగంటింది. కంగారుపడి ఇంజిన్ విప్పించకండి. ముందు డీజిల్ దారి చూడండి.

డీజిల్ ఇంజిన్ తనకు అందిన ఇంధనమంతా మండించదు. చాలా ఇంజిన్లలో మిగిలింది రిటర్న్ పైపు గుండా ట్యాంకుకు వెనక్కి పోతుంది. రెండింటి మిగులూ ఒకే ట్యాంకులో పడుతుంటే? రెండో ఇంజిన్ ఎక్కువ తాగినట్టు కనిపిస్తుంది. నిజానికి తాగలేదు. కాబట్టి ముందు ఆ రిటర్న్ పైపుల వాల్వులు చూడండి.

అక్కడ అంతా సరిగ్గా ఉందా? అయితే ఇంజిన్లు తిరిగే వేగం చూడండి. రెండు ఇంజిన్ల వేగం మీటర్లూ ఒకే అంకె చూపినా, ఒకటి తప్పు చెబుతుండవచ్చు. చేతి టాకోమీటరుతో సరిచూడండి.

తర్వాత ప్రొపెల్లర్. రెక్క వంగినా, వల తాడు చుట్టుకున్నా ఆ ఇంజిన్ మీద భారం పెరుగుతుంది. నల్లటి పొగ కూడా వస్తుంటే ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు చూపించండి.

ఒక్కోసారి ఒక్కటే మార్చండి. అప్పుడే అసలు కారణం దొరుకుతుంది.

మళ్లీ చెబుతున్నా. ముందు పైపులు, తర్వాత వేగం, ఆపైన ప్రొపెల్లర్. ఇంజిన్ విప్పడం చివరి మాట. నడిసముద్రంలో ట్యాంకు ఖాళీ అయితే ప్రాణాల మీదికి వస్తుంది. ఒడ్డున ఉండగానే చూసుకోండి.