ఇంటర్ అయ్యాక దారి ఎవరు మూస్తున్నారు?

(యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంటర్ పాసైన మన పిల్లవాడు పై చదువుకి పోకుండా సెంట్రింగ్ పనికి పోతే పెద్దకులాలోళ్ళు ఏమంటున్నారు? "వాళ్ళకి చదువు మీద ధ్యాస లేదు" అంటున్నారు. మనవాళ్ళు కొందరు కూడా ఆ మాటే అంటున్నారు. అది అబద్ధమని చెప్పడానికే మేము వచ్చాం.

ఇష్టం ఉండటం వేరు, వీలు ఉండటం వేరు. భూమున్నోడి కొడుకు ఎన్నేళ్ళు చదివినా ఆ ఇంట్లో పొయ్యి ఆరదు. మనవాడు డిగ్రీకి పోతే ఇంటికొచ్చే కూలి ఆగుతుంది. స్కాలర్‌షిప్ ఆ కూలికి సరిపోదు, వేళకీ రాదు. ప్రభుత్వం ఫీజు బకాయి పెడితే కాలేజీవాళ్ళు పిల్లవాడి సర్టిఫికెట్లు పట్టుకు కూర్చుంటారు. బాకీ ఎవరిది, శిక్ష ఎవరికి? సర్టిఫికెట్ కోసం కాళ్ళరిగేలా తిరిగే అన్నను చూసిన తమ్ముడు కాలేజీ గడప తొక్కుతాడా? ఆడపిల్లకైతే హాస్టల్ సీటు రాకపోతే పెళ్ళిచూపులే.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1912లో బి.ఏ. పాసయ్యారు. 1913 ఫిబ్రవరిలో తండ్రి పోయారు. అదే ఏడు బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళ స్కాలర్‌షిప్ ఇచ్చారు. దానితోనే కొలంబియా యూనివర్సిటీకి పోగలిగారు. అంతటి మేధావికీ డబ్బు చేతికందాకే చదువు అందింది.

నూరేళ్ళ తర్వాత రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధనదాకా ఎదిగాడు. హాస్టల్ నుంచి వెళ్ళగొట్టారు. తనకి ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు రావాలని ఆఖరి ఉత్తరంలో రాసి 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. "అక్కడికి పంపిస్తే నా బిడ్డను బతకనిస్తారా?" అని అడిగే తల్లికి జవాబు చెప్పకుండా "చదివించమ్మా" అంటే చాలదు.

కాబట్టి మనం చేయాల్సిన పని ఉంది. ఇంటర్ ఫలితాలు రాగానే ప్రతి పేటలో, ప్రతి గూడెంలో కూర్చుందాం. పాసైనవాళ్ళ పేర్లు రాసుకుందాం. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు ఎమ్మార్వో ఆఫీసుకి పదిమందిమి కలిసి పోదాం. ముందు చదివినవాళ్ళు కొత్తవాళ్ళను హాస్టల్‌దాకా దిగబెట్టి రావాలి, నెలకోసారి కబురు కనుక్కోవాలి. బకాయిల కోసం పిల్లల్నే కాదు, తల్లిదండ్రులను కూడా కలెక్టరాఫీసు ముందు కూర్చోబెట్టాలి.

అప్పుడు పోవాలా వద్దా అన్నది మన పిల్లలు నిర్ణయించుకుంటారు. ఇవాళ్టిదాకా వాళ్ళ తరఫున ఆకలీ భయమూ నిర్ణయిస్తున్నాయి.

జై భీమ్!