తాళంచెవికి అంటించిన గుర్తు
(మన ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇందాక కాఫీల వేళ ఒక తల్లి నన్ను అడిగారు. "మా అమ్మాయికి ఇంజనీరింగు సీటు వచ్చింది. అది వద్దు, బీఎస్సీ కెమిస్ట్రీ చేస్తానని కూర్చుంది. అందులో ఏముంది సార్?" అని. నిలబడి రెండు మాటల్లో చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర తల్లులందరికీ తెలిసిందే. అది ఒక బి విటమిన్. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ తయారు కావాలి. దానికి ఈ విటమిన్ కావాలి. అయితే ఉన్నది ఉన్నట్లుగా అది పనికిరాదు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము దాన్ని పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. ఆ ఎంజైముకు చేదోడుగా ఎన్ఏడీపీహెచ్ అనే కోఎంజైము ఉండాలి. అది కూడా నియాసిన్ అనే మరో బి విటమిన్ నుంచి వచ్చేదే.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు వినే ఉంటారు. లెడర్లీ లాబొరేటరీస్‌లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. తర్వాత దానికి అచ్చం పోలి ఉండే నకిలీలను కూడా చేసింది. నకిలీ పోయి ఎంజైములో గట్టిగా కూర్చుంటే అసలు విటమిన్‌కు చోటు దొరకదు, కాన్సరు కణం చీలలేదు. అలాంటి అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. అమినాప్టెరిన్‌కు తమ్ముడి వరస అయిన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ పిల్లల లుకేమియాకు వాడుతున్నారు.

మరి ఆ నకిలీ ఎంజైములో ఎలా కూర్చుంది? ఎన్ఎంఆర్ అనే పరికరం పరమాణువుల నుంచి రేడియో సంకేతాలను వింటుంది. హైడ్రోజన్లను విందామంటే ఎంజైములోనే వెయ్యికి పైగా ఉన్నాయి, అన్నీ ఒక్కసారే మాట్లాడతాయి. ఫ్లోరిన్ సంగతి వేరు. మన ప్రొటీన్లలో అది సహజంగా ఉండదు. పరిమాణంలో హైడ్రోజన్ కంటే కొంచెమే పెద్దది. సంకేతమూ దాదాపు అంత బలంగానే ఉంటుంది. కోయంబేడు మార్కెట్టులో అందరూ తమిళంలో కేకలు వేస్తుంటే, ఎవరో ఒకరు "ఏమయ్యా" అన్నారనుకోండి. మన చెవికి ఆ ఒక్క గొంతే తగులుతుంది కదా! అలాగన్నమాట.

మెథోట్రెక్సేట్ నడుమ ఒక బెంజీన్ వలయం ఉంటుంది. లండన్ మిల్ హిల్‌లోని శాస్త్రజ్ఞులు ఆ వలయానికి అటూ ఇటూ ఉన్న రెండు హైడ్రోజన్ల స్థానంలో రెండు ఫ్లోరిన్లు ఉన్న అణువుతో పని చేసి, 1984లో ఫలితాలు ప్రచురించారు. వలయం ఎంజైములో కదలకుండా ఉంటే రెండు ఫ్లోరిన్లకు ఇరుగుపొరుగు వేరు, కాబట్టి రెండు సంకేతాలు రావాలి. వలయం గిర్రున పల్టీలు కొడితే రెండూ ఒకటిగా కలిసిపోవాలి. ఉష్ణోగ్రత మారుస్తూ ఆ సంకేతాల ఆకారాన్ని లెక్క కట్టారు. గది వేడిమి దగ్గర ఆ వలయం సెకనుకు కొన్ని వేలసార్లు పల్టీ కొడుతోంది!

ఎంజైము తాళం, మందు తాళంచెవి అని మేము పిల్లలకు పాఠం చెబుతాము. ఇనుప తాళంలో చెవి ఇలా తిరగదు. వలయానికి చోటిస్తూ తాళమే ఊపిరి పీల్చినట్లు కదులుతోందన్నమాట. కోఎంజైము వచ్చి చేరగానే ఫ్లోరిన్ సంకేతాలు మళ్ళీ మారాయి, అంటే దాని రాకతో ఎంజైము సర్దుకుంటోంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఫ్లోరిన్ అతికించినందువల్లే బంధం మారిపోయిందేమో వేరుగా పరీక్షించుకోవాలి. ఆ పని చేయకుండా తొందరపడి చెప్పే మాటను నేను నమ్మను.

అమ్మా, బీఎస్సీ ఒక్కదానితో పెద్ద ఉద్యోగం రాదు. ఆ మాట దాచను. తర్వాత జామ్ పరీక్ష రాసి ఐఐటీలోనో మరో మంచి సంస్థలోనో ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ చేయాలి. దాదాపు పదేళ్ళు. పీహెచ్‌డీలో నెలనెలా ఫెలోషిప్ వస్తుంది. అంతవరకు ఇంట్లో వాళ్ళు ఓపిక పట్టాలి. బెంగుళూరు ఐఐఎస్సీలో ఏటా జరిగే ఓపెన్ డేకు పిల్లలను తీసుకువెళ్ళండి, ప్రయోగశాలలు కళ్ళారా చూస్తారు.

సభ ముగిశాక నేను ఇక్కడే ఉంటాను. మీ అమ్మాయిని ఒక తెల్లకాగితం, పెన్సిలు పట్టుకుని రమ్మనండి. ఆ వలయం గీసి, ఫ్లోరిన్లు ఎక్కడ పెట్టారో చూపిస్తాను.